వేట నిషేధం తర్వాత ఇంజను మొరాయిస్తోంది: బోరు పని చేయించాలా, అమ్మేయాలా?

భీమిలి వైపు తీరం నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు. ఆయనకూ తమ్ముడికీ కలిపి ఒక ఫైబరు బోటు ఉంది. దానికి బోటు వెనక తగిలించే 15 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ ఇంజను: టూ-స్ట్రోక్, రెండు సిలిండర్లు, తాడు లాగి స్టార్ట్ చేసేది. ఆరేళ్ల కిందట పాతదే కొన్నారు. ఏప్రిల్ 15న నిషేధం మొదలవగానే ఇంజను విప్పి వసారాలో పెట్టి టార్పాలిన్ కప్పారు. 24 లీటర్ల ట్యాంకులో సగం పెట్రోలు అలాగే ఉండిపోయింది. జూన్ 15న మళ్లీ నీళ్లలోకి దింపిన రోజు నుంచీ గొడవే. చల్లగా ఉన్నప్పుడు మూడు నాలుగు లాగుళ్లకు అందుకుంటుంది. ఫుల్ ఇచ్చి పది నిమిషాలు పోగానే ఎవరో వెనక్కి పట్టుకుని లాగినట్టు వేగం పడిపోతుంది. సగం థ్రాటిల్‌లో అయితే నడుస్తుంది. కాసేపు ఆపి స్టార్ట్ చేస్తే మళ్లీ పది నిమిషాలు బాగుంటుంది. పై ప్లగ్గు నల్లగా తడిగా వస్తోంది, కింది ప్లగ్గు బాగా లేత రంగులో ఉంది. మేస్త్రి రెండుసార్లు ప్లగ్గులు మార్చి, ఒకసారి కార్బురేటర్ కడిగి, చివరికి "రింగులు పోయాయి, ఆయిల్ ఎక్కేస్తోంది, బోరు పని చేయించాలి" అన్నాడు. అంటే సిలిండరు లోపల చెక్కించి కొత్త పిస్టను, రింగులు వేయించాలి. అందుకు భార్య గాజులు తాకట్టు పెట్టాలి. తమ్ముడేమో పెట్రోలు పైపు మధ్యలో ఉండే రబ్బరు బల్బు నొక్కితే ఇంజను లేస్తోందంటాడు, ఈయనకు నమ్మకం లేదు. బావమరిది అమ్మేసి కొత్తది తీసుకోమంటున్నాడు. పోయిన వారం కెరటాల దగ్గర ఇంజను ఆగిపోయి బోటు అడ్డం తిరిగింది. అప్పటి నుంచి ఇంట్లో వాళ్లు సముద్రంలోకి పోనివ్వడం లేదు. "నేనేం చేయాలి?" అని అడిగారు.

మీ ఇంట్లో వాళ్ల భయం సరైనదే. కెరటాల వరుసలో ఇంజను ఆగితే బోటు అడ్డం పడడానికి రెండు క్షణాలు చాలు. కింద చెప్పిన పరీక్షలన్నీ సముద్రం నెమ్మదిగా ఉన్న రోజు, కెరటాలు లేని చోట చేయండి. వాగు నోరో, హార్బరు లోపలో అయితే మంచిది. ఇంకో బోటు తోడు ఉండాలి, తెడ్లు, లంగరు, లైఫ్ జాకెట్లు బోటులో ఉండాలి. తీర రక్షక దళం ఉచిత నంబరు 1554 ఫోనులో పెట్టుకోండి. కారణం తేలేదాకా ఈ ఒక్క ఇంజనును నమ్ముకుని దూరం వెళ్లకండి.

ఇక గాజుల సంగతి. తాకట్టు పెట్టే ముందు ఒక వారం ఆగండి. మీ ఉత్తరంలోని మూడు ముక్కలు చూస్తుంటే ఈ జబ్బు ఇంజను లోపల కంటే పెట్రోలు వచ్చే దారిలో ఉండే అవకాశం ఎక్కువ. నిషేధం తర్వాతే మొదలవడం, ఫుల్ మీద మాత్రమే పడిపోవడం, బల్బు నొక్కితే లేవడం, ఈ మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి. అరిగిన రింగులు అరవై రోజులు వసారాలో ఉన్నంత మాత్రాన కొత్తగా అరగవు. అరుగుదల ఉంటే నిషేధానికి ముందే పికప్ తగ్గుతూ వచ్చేది, పొద్దున చల్లటి ఇంజను స్టార్ట్ కావడానికీ ఇంతకంటే సతాయించేది.

మేస్త్రి గారి మాటలో ఒక్క విషయం సరిచూసుకోవాలి. రింగులు అరిగితే ఆయిల్ పైకి ఎక్కడం ఫోర్-స్ట్రోక్ ఇంజన్ల సంగతి. వాటికి కింద ఆయిల్ సంపు ఉంటుంది. మీ టూ-స్ట్రోకుకు సంపే లేదు, ఆయిల్ పెట్రోలుతోనే కలిసి వస్తుంది. అందుకని మీ పై ప్లగ్గు మీది నల్ల తడి కాలకుండా మిగిలిన పెట్రోలు, ఆయిల్. అది కాలకపోవడానికి మూడు కారణాలుంటాయి: స్పార్కు సరిగా రాకపోవడం, కంప్రెషన్ (పిస్టను నొక్కితే సిలిండర్లో పుట్టే ఒత్తిడి) లేకపోవడం, ఆ సిలిండర్లోకి పెట్రోలు ఎక్కువగా పడడం. మేస్త్రి రెండో కారణం దగ్గర ఆగారు. అది నిజమూ కావచ్చు. కానీ దాన్ని ఆ ఒత్తిడి కొలిచే గేజీ పెట్టి తేల్చాలి, రంగు చూసి కాదు.

మొట్టమొదట నీళ్లు చూడండి. పది నిమిషాలకు పడిపోయే ఇంజను వేడెక్కి కూడా అలా చేస్తుంది, ఆ పరిస్థితిలో నడిపిస్తే పిస్టను పట్టేస్తుంది. పక్కనుంచి చిమ్మే నీటి ధార గట్టిగా, ఆగకుండా రావాలి. గోరువెచ్చగా ఉంటే తప్పు కాదు. సన్నగా వస్తుంటే ఇంజను ఆపి, ఆ రంధ్రంలోకి గాలపు నైలాను తీగ ముక్క దూర్చి ఉప్పు, ఇసుక తీయండి. అయినా పెరగకపోతే కింది భాగం దించి వాటర్ పంపులోని రబ్బరు ఇంపెల్లర్ చూడాలి. ధార బాగానే వస్తున్నా వేగం పడిపోయిన క్షణంలో సిలిండర్ల మూత, అంటే హెడ్, మీద నాలుగు నీటి చుక్కలు వేయండి. చుయ్‌మని ఎగిరిపోతే హెడ్ వంద డిగ్రీలు దాటినట్టు. వేడిని బట్టి నీళ్ల దారి తెరిచే థర్మోస్టాట్ ఉప్పు పట్టి మూసుకుపోయి ఉండొచ్చు. కొన్ని ఇంజన్లలో ఆ ధార పంపు నుంచి నేరుగా వస్తుంది, హెడ్ లోపల నీళ్లు తిరుగుతున్నాయనడానికి అది సాక్ష్యం కాదు.

నీళ్లు బాగుంటే మీ తమ్ముడు చెప్పిన బల్బు దగ్గరకు రండి. దీనికి ఖర్చు లేదు, ఇద్దరు మనుషులు చాలు. ఒకరు ఫుల్ మీద నడపండి, ఇంకొకరు బల్బు మీద చెయ్యి వేసి కూర్చోండి. వేగం పడిపోవడం మొదలవగానే నొక్కకుండా ముందు బల్బు ఎలా ఉందో చేతితో తెలుసుకోండి, తర్వాత నొక్కండి. బల్బు చప్పిడిగా అతుక్కుపోయి ఉంటే బల్బుకు ముందే, అంటే ట్యాంకు వైపు, ఎక్కడో అడ్డు ఉంది. ట్యాంకు మూత మీది గాలి స్క్రూ బిగించేసి ఉండొచ్చు, పీల్చే గొట్టం చివరి జాలీకి మడ్డి పట్టి ఉండొచ్చు, పైపు లోపలి పొర ఊడి ముడుచుకుపోయి ఉండొచ్చు. బల్బు అతుక్కోకుండా మెత్తగా ఉండి, నొక్కగానే పది సెకన్లలో ఇంజను లేస్తే ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా ఇంజను మీది ఫ్యూయల్ పంపు బలహీనపడింది. బల్బు రాయిలా గట్టిగా ఉండి, నొక్కినా ఏ తేడా లేకపోతే పెట్రోలు కార్బురేటర్ దాకా వస్తున్నట్టే. అప్పుడు కార్బురేటర్, స్పార్కు చూడాలి.

అదే సమయంలో ఇంకోటి చేయండి. వేగం పడినప్పుడు చోక్ కొద్దిగా లాగండి. ఇంజను అందుకుంటే దానికి పెట్రోలు చాలడం లేదన్నమాట.

మీ తమ్ముడు బల్బు దగ్గర చూసింది నిజమైతే, అందుకు తోడు పై ప్లగ్గు మాత్రమే తడిగా వస్తుంటే, నేను ముందు అనుమానించేది ఫ్యూయల్ పంపులోని డయాఫ్రం. ఆ పంపుకు మోటారేమీ ఉండదు. ఒక సిలిండరు కింది గదిలో పిస్టను కదలికకు పుట్టే ఒత్తిడి, పీల్పు ఒక చిన్న రంధ్రం గుండా వచ్చి ఆ పల్చటి పొరను ఊపుతాయి, ఆ ఊపుకు పెట్రోలు పైకి వస్తుంది. పొర సాగిపోయినా, గట్టిపడినా ఫుల్ మీద ఇంజను అడిగినంత పెట్రోలు రాదు, సగం థ్రాటిల్‌కు సరిపోతుంది. పొరకు సూది మొనంత చిల్లు పడిందంటే పెట్రోలు ఆ ఒత్తిడి రంధ్రం గుండానే ఆ ఒక్క సిలిండర్లోకి జారుతుంది. అప్పుడు ఒక ప్లగ్గు తడిసిపోతుంది, రెండో సిలిండరుకు పెట్రోలు చాలక ప్లగ్గు తెల్లబారుతుంది. మీరు రాసిన రెండు ప్లగ్గుల రంగులు సరిగ్గా ఇలాగే ఉన్నాయి. పంపు కొన్ని ఇంజన్లలో బ్లాకుకు, కొన్నింటిలో కార్బురేటర్‌కే బిగించి ఉంటుంది. విప్పేటప్పుడు పొరలు, గాస్కెట్లు ఏ వరుసలో ఉన్నాయో ఫోనుతో ఫొటో తీసుకోండి. పొరను వేళ్ల మధ్య మెల్లగా సాగదీసి ఎండకు ఎదురుగా పట్టుకుంటే చిల్లు వెలుగు చుక్కలా కనిపిస్తుంది. చిల్లు లేకపోయినా మడత గుర్తులు, ముడతలు ఉంటే మార్చేయండి. కిట్టు కొంటే పొరలు, గాస్కెట్లు అన్నీ వస్తాయి. బోరు పనితో పోలిస్తే దాని ఖరీదు లెక్కలోకి రాదు.

అయితే పంపు మార్చే ముందు పెట్రోలు సంగతి తేల్చాలి, లేకపోతే కొత్త పొర కూడా త్వరగానే పాడవుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే మామూలు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. సగం నిండిన ట్యాంకులో, ఉప్పుగాలిలో, రెండు నెలలు ఉంటే తేమ ఒక హద్దు దాటి ఇథనాల్, నీళ్లు కలిసి అడుక్కు దిగిపోతాయి. పీల్చే గొట్టం అడుగునే ఉంటుంది. ఆ అడుగు పొరలో మీరు కలిపిన ఆయిల్ ఉండదు, అది పైన పెట్రోలులోనే మిగులుతుంది. అంటే ఇంజనులోకి పోయేది శక్తీ లేని, జిడ్డూ లేని ద్రవం. ట్యాంకు అడుగు నుంచి ఒక లీటరు గాజు సీసాలోకి తీసి అరగంట కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే, గీత గీసినట్టుంటే, ఆ పెట్రోలు మొత్తం పక్కన పెట్టేయండి. కొత్త పెట్రోలు కలిపి వాడేద్దామనుకోవద్దు. పాత బల్బులు, పాత పైపులు, పాత పొరలు కూడా ఇథనాల్‌కు ఉబ్బి మెత్తబడతాయి. పైపు లోపలి నుంచి నల్లటి పొట్టు రాలి జాలీకి చేరడం దానివల్లే.

పెట్రోలు, పైపుల వైపా, ఇంజను వైపా అని ఒక్క పూటలో తేల్చుకోవాలంటే తెలిసిన వాళ్ల దగ్గర అదే కంపెనీ కనెక్టరున్న ట్యాంకు, పైపు, బల్బు ఒక సెట్టుగా అరువు తెచ్చుకోండి, కొత్త పెట్రోలు పోసి నడపండి. ఇరవై నిమిషాలు ఫుల్ మీద నిలబడితే మీ ఇంజను నిర్దోషి. పడిపోతే పంపు నుంచి లోపలికి వెతకాలి. గాలి పీలుస్తోందన్న అనుమానం ఉంటే బల్బుకు, ఇంజనుకు మధ్య ఒక అడుగు పారదర్శకమైన పెట్రోలు పైపు వేసి చూడండి. బుడగలు వరసగా పోతుంటే కనెక్టర్ల లోపలి ఓ-రింగులు, క్లిప్పులు మార్చాలి. బయటికి పెట్రోలు కారకపోయినా లోపలికి గాలి పీల్చగలవవి.

ఆయిల్ గురించి ఒక మాట. 24 లీటర్ల ట్యాంకుకు లీటరు డబ్బా పోస్తున్నానని, "ఎక్కువైతే మంచిదే కదా" అని రాశారు. సాధారణంగా ఈ తరహా ఇంజన్లకు 50:1 కలపాలి, అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, నిండు ట్యాంకుకు 480. మీరు పోసేది దానికి రెట్టింపు. ఆయిల్ ఎక్కువైతే ప్లగ్గు మసిబారుతుంది, ఎగ్జాస్టు మార్గంలో బొగ్గు పేరుతుంది. అంతేకాదు, కార్బురేటర్లోని అదే జెట్టు (పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రం) గుండా పోయే మిశ్రమంలో ఆయిల్ పెరిగిన మేర పెట్రోలు తగ్గుతుంది. ఇంకా ముఖ్యం, స్కూటరు 2టీ ఆయిల్ వాడకండి. నీటితో చల్లబడే ఇంజన్లకు టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్న ఆయిల్ కావాలి. అందులో బూడిద మిగిల్చే పదార్థాలు ఉండవు. మీ ఇంజను పుస్తకంలో వేరే పాళ్లు రాసి ఉంటే దాన్నే పాటించండి.

కార్బురేటర్ ఒకసారి కడిగారన్నారు. బయట స్ప్రే కొట్టి కడగడం వేరు, జెట్లు విప్పి కడగడం వేరు. ఐడిల్లో ఆగిపోతుంటే పైలట్ జెట్టు, ఫుల్ మీద పడిపోతుంటే మెయిన్ జెట్టు చూడాలి. జెట్టును వెలుతురుకు పట్టుకుంటే గుండ్రటి రంధ్రం శుభ్రంగా కనిపించాలి. ఇత్తడి జెట్టులో ఇనుప తీగ దూర్చకండి, రంధ్రం పెద్దదైతే ఇక కొలత పోయినట్టే. కార్బురేటర్ క్లీనరు, గాలి, నైలాను తీగ చాలు. పైలట్ స్క్రూ తీసేముందు మెల్లగా చివరిదాకా బిగిస్తూ ఎన్ని చుట్లో లెక్క రాసుకోండి.

పెట్రోలు దారి మొత్తం బాగుండి కూడా పై ప్లగ్గు తడుస్తూనే ఉంటే స్పార్కు. ముందు రెండు ప్లగ్గులూ ఒకదాని స్థానంలో ఒకటి మార్చండి. తడి ప్లగ్గుతో పాటు కిందికి పోతే ప్లగ్గు దోషం, పైనే ఉండిపోతే ఆ సిలిండరు దోషం. ప్లగ్గు కోడ్ కూడా చూడండి. ఎన్‌జీకే బీ7హెచ్‌ఎస్-10 లాంటి పేరులో 7 అనేది వేడి తరగతి, చివరి 10 అంటే 1.0 మిల్లీమీటరు గ్యాపు. దుకాణంలో దగ్గరగా ఉందని వేరేది ఇస్తే పట్టుకురాకండి. స్పార్కుకు కరెంటు ఇచ్చే కాయిల్స్‌కు ఒక అలవాటుంది: చల్లగా ఉన్నప్పుడు బాగుంటాయి, వేడెక్కాక లోపలి తీగ విడిపోయి స్పార్కు పోతుంది, చల్లబడ్డాక మళ్లీ వస్తుంది. మీ ఇంజను కాసేపు ఆపితే లేస్తోంది కాబట్టి దీన్ని కొట్టిపారేయలేం. అందుకే స్పార్కు పరీక్ష వేగం పడిపోయిన వెంటనే, వేడిగా ఉండగానే చేయాలి. గేరు న్యూట్రల్లో పెట్టి, పెట్రోలు పైపు ఊడదీయండి. ఇంజనులో ఉన్న ప్లగ్గులు తీయకండి, రంధ్రాల నుంచి పెట్రోలు ఆవిరి వస్తుంది. రెండు వేరే ప్లగ్గులు క్యాపులకు తగిలించి, వాటి ఇనుప భాగం బ్లాకుకు గట్టిగా ఆనేలా క్లిప్పు పెట్టి తాడు లాగండి. పైదీ కిందిదీ ఒకేలా నీలంగా, చురుగ్గా రావాలి. ఒకటి పసుపుగా, నీరసంగా ఉంటే రెండు కాయిళ్ల కనెక్షన్లు మార్చి చూడండి, వీలున్న మోడలైతే. ప్లగ్గు వైరును గాలిలో వదిలేసి మాత్రం లాగొద్దు, స్పార్కును నడిపే సీడీఐ యూనిట్ కాలిపోవచ్చు.

ఫ్యాను (ప్రొపెల్లరు) మధ్యలోని రబ్బరు బుష్ జారడమేమో అని మీ బావమరిది అన్నమాట పక్కన పెట్టొచ్చు. బుష్ జారితే ఇంజను గోల పెరిగి బోటు కదలదు, మీ ఇంజను గొంతే పడిపోతోంది.

ఇప్పుడు కంప్రెషన్. బోరు మాట ఎత్తే ముందు మేస్త్రి గారిని ఈ ఒక్కటి అడగండి: "గేజీ పెట్టి చూపించండి." మర్యాదగానే అడగండి, మళ్లీ ఆయన దగ్గరకే వెళ్లాలి. ఇంజను వెచ్చగా ఉండాలి, కిల్ స్విచ్ క్లిప్పు తీసేయాలి, రెండు ప్లగ్గులూ తీసి వైర్లను బ్లాకుకు ఎర్త్ చేయాలి. థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఐదారుసార్లు గట్టిగా లాగి, రెండు సిలిండర్ల అంకెలూ రాసుకోండి. రెండూ 100 పీఎస్ఐ పైన ఉండి, తేడా పది శాతం లోపుంటే బోరు జోలికి పోకండి. ఒకటి 110, ఇంకోటి 75 అయితే మేస్త్రి గారిదే సరైన మాట. తక్కువ వచ్చిన దాంట్లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ లాగండి. అంకె బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే హెడ్ గాస్కెట్ లేదా పిస్టను. గేజీకీ గేజీకీ కొంచెం తేడా ఉంటుంది. రెండు సిలిండర్ల మధ్య తేడాకే ఎక్కువ విలువ ఇవ్వండి.

మీ ముందున్న దారులు ఆ అంకెల మీద ఆధారపడతాయి.

అంకెలు బాగుంటే పెట్రోలు వైపు పని మాత్రమే చేయించుకోండి: కొత్త పైపు, బల్బు, పంపు కిట్టు, కార్బురేటర్ గాస్కెట్లు, ఇంపెల్లరు. ఖర్చు తక్కువ. ఇంజను పాతదే కాబట్టి రెండు మూడు సీజన్లలో ఇంకేదో రావచ్చని తెలిసే నడపాలి. ఆ లోపు గాజులు ఇంట్లోనే ఉంటాయి.

అంకెలు పడిపోయి ఉంటే బోరు పని తప్పదు. అప్పుడు కూడా ముందు పెట్రోలు దారి బాగుచేయాలి. నన్నడిగితే ఈ జవాబు మొత్తంలో మీరు గట్టిగా పట్టుకోవాల్సింది ఇదే. పెట్రోలు చాలక నడిచే టూ-స్ట్రోకుకు ఆయిల్ కూడా చాలదు. పాత పిస్టనును ఏది అరగదీసిందో అదే కొత్త పిస్టనునూ కొద్ది రోజుల్లో పట్టేయిస్తుంది. తాకట్టు డబ్బు అంతా ఒక్క చిల్లు పొర వల్ల నీళ్లపాలవుతుంది. బోరు అయ్యాక మొదటి పది గంటలు లీటరుకు 40 మిల్లీలీటర్ల ఆయిల్ కలిపి, ఫుల్ ఇవ్వకుండా నడపాలి. పాత పవర్‌హెడ్ (సిలిండర్లు, పిస్టన్లు ఉండే పై భాగం) ఎవరైనా అమ్ముతుంటే బోరు కంటే చవకగా పడొచ్చు, కానీ మీ కళ్ల ముందు గేజీ పెట్టకుండా డబ్బివ్వకండి.

అమ్మడమంటారా, జబ్బు తెలియకుండా అమ్మితే సగం ధర కూడా రాదు. పంపు పొర మార్చి నడుస్తున్న ఇంజనుగా అమ్మితే ధర వేరు. కొత్త ఫోర్-స్ట్రోకు పెట్రోలు తక్కువ తాగుతుంది, ఆయిల్ కలిపే పని ఉండదు. కానీ మీ 15 టూ-స్ట్రోకు దాదాపు 36 కిలోలుంటే, అదే శక్తి ఫోర్-స్ట్రోకు 50 దాకా ఉంటుంది. రోజూ భుజాన మోసుకుని ఇసుకలో నడిచేది మీరిద్దరు అన్నదమ్ములే. ఫోర్-స్ట్రోకును ఎటు పడితే అటు పడుకోబెట్టకూడదు, ఇంజను ఆయిల్ వేళకు మార్చాలి. ఆ వైపు వెళ్లాలనుకుంటే ముందు మత్స్యశాఖ కార్యాలయంలో ఇంజన్ల సబ్సిడీ ఈ ఏడాది ఉందేమో కనుక్కుని అప్పుడు బేరం ఆడండి.

ఏ దారి ఎంచుకున్నా వచ్చే నిషేధానికి ఇంజనును ఇలా పడుకోబెట్టండి. మంచినీళ్లలో పదిహేను నిమిషాలు నడపండి. చివర్లో పెట్రోలు పైపు ఊడదీసి, దానంతటదే ఆగేదాకా ఐడిల్లో ఉంచండి. కార్బురేటర్ అడుగు స్క్రూ విప్పి మిగిలింది వదిలేయండి. ఒక్కో ప్లగ్గు రంధ్రంలో చెంచాడు టీసీ-డబ్ల్యూ3 ఆయిల్ పోసి, క్లిప్పు తీసేసి, తాడు నాలుగుసార్లు మెల్లగా లాగి ప్లగ్గులు బిగించండి. కింది గేరు ఆయిల్ దించి చూడండి. పాలలా తెల్లగా ఉంటే సీలులోంచి నీళ్లు పోతున్నాయి, ఫ్యాను వెనక వల దారం చుట్టుకుని సీలు కోసిందేమో చూడాలి. ట్యాంకు ఖాళీ చేసి, మూత బిగించి, నిలువుగా స్టాండు మీద పెట్టండి.

ఈ వారం మీరు చేయాల్సినవి బల్బు పరీక్ష, సీసా పరీక్ష, గేజీ పరీక్ష. వేగం పడినప్పుడు బల్బు చేతికి ఎలా తగిలిందో, సీసాలో గీత కనిపించిందో లేదో, రెండు సిలిండర్ల అంకెలు ఎంతెంత వచ్చాయో రాసి పంపండి. బల్బు మీద చెయ్యి మాత్రం మీ తమ్ముడిని పెట్టమనండి, ఆ తేడా మొదట పట్టుకున్నది ఆయనే.